బిల్లు లేని ఇరవై నాలుగోది

పోయిన నెల నేను ఫోన్లో చూసి తెప్పించుకున్న ల్యాప్‌టాప్ ఛార్జరు వారం తిరక్కుండానే చచ్చిపోయింది. ఎక్కడ నొక్కాలో వెతుక్కుని నొక్కితే, ఎందుకు వాపసు ఇస్తున్నారో చెప్పమని అయిదారు కారణాలు వరసగా వచ్చాయి. ‘పనిచేయడం లేదు’ అన్నదాని మీద వేలు పెట్టాను. మరునాడు ఒకాయన బండి మీద వచ్చి, ఛార్జరు వైపు కన్నెత్తి కూడా చూడకుండా సంచిలో వేసుకుని పోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోగా డబ్బు తిరిగి వచ్చినట్టు ఫోను టింగుమంది. ఎవరూ బిల్లు అడగలేదు. ఎవరూ సీలు తిప్పి చూడలేదు. మదనపల్లెలో తొమ్మిదేళ్ల పాటు వారంటీ ఫారాలు నింపి, చెడిపోయిన సామాన్లు చెన్నైకి పార్సిల్ కట్టి, వాటికోసం నెలలకొద్దీ ఎదురుచూసిన మనిషిని నేను. లోకం ఇంత సులువైనందుకు సంతోషించాల్సింది. సంతోషం రాలేదు సరిగదా, ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. పళ్లెం పక్కకు జరిపి, గుడుపల్లెకు పోవాలని అప్పుడే అనుకున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి.

బావ అంటే మా అక్క భర్త. మదనపల్లెలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే అంగడి ఆయనది. ఆయన తండ్రి మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. ఆ వాసన ఈయనకు తగులుకుంది కాబోలు, కంప్యూటరును కూడా రోగిని చూసినట్టే చూసేవాడు. ఎవరైనా చెడిపోయిన డబ్బా తెచ్చి బల్ల మీద పెడితే వెంటనే స్క్రూడ్రైవరు పట్టేవాడు కాదు. ముందు చెవి ఆనించి వినేవాడు, తర్వాత వెనక జల్లెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు, ఆ తర్వాత తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ‘ఎన్ని దినాలనుంచి ఇట్ల ఉండాది? మొదుట్లో ఏం సేసింది?’ అని ఆరా తీసేవాడు. కొందరు దగ్గు వచ్చినప్పుడు కూడా అలవాటుగా మా అంగడికే వచ్చేస్తారేమో అని అక్క ఎగతాళి చేసేది. ఊడిన ప్రతి స్క్రూనూ పాత ఊరగాయ సీసాల్లో దాచేవాడు. ఆ సీసాలు ఎన్నంటే, మా అక్క మామిడికాయలు కోసిన రోజున ఇంట్లో ఒక్క సీసా దొరక్క అంగడికి మనిషిని పంపేది. ఆదివారం మాత్రం అంగడి తెరవడు. మేము చర్చిని గుడి అనే అంటాం. గుడికి పోయి, వచ్చి, మధ్యాహ్నం మాంసం కూర తిని, సాయంత్రం దాకా పడుకునేవాడు. సోమవారం నుంచి మళ్లీ ఆస్పత్రి.

నేను కౌంటరులో కూర్చునేదాన్ని. టైపు నేర్చుకున్నాను, చేతిరాత బాగుంటుంది, పెళ్లయి మూడేళ్లకే భర్త పోయి ఇంట్లో ఊరికే ఉన్నాను. ‘ఇంట్లో కూకోని ఏం సేస్తావు, వచ్చి నా పుస్తకాలు సూడు’ అని బావే పిలిచాడు. బిల్లులు రాయడం, వారంటీ ఫారాలు నింపడం నా పని. వారంటీ అంటే జనం అనుకునేంత తేలిక కాదు ఆ రోజుల్లో. సామాను ఎప్పుడు కొన్నారో బిల్లు ఉండాలి. దాని మీద సీలు చెక్కుచెదరకూడదు. నంబరు చెరగకూడదు. కాలిన మరక ఉండకూడదు. ఇన్నీ ఉంటే ఫారం మీద లోపం ఏమిటో రాసి చెన్నై డీలరుకు పంపితే, వాళ్లు చూసి, మారిస్తే మారుస్తారు, లేదంటే ఏదో ఒక ముక్క రాసి వెనక్కి పంపుతారు. నా పుస్తకంలో ఒక్క అంకె తప్పు పోయేది కాదు. దాని మీద నాకు చెప్పలేనంత గర్వం. ‘మా మరదలి పుస్తకం బైబిలు మాదిరప్పా, దాంట్లో లేనిది లేనట్లే’ అని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను తల దించుకుని బిల్లు రాస్తున్నట్టు నటించేదాన్ని గానీ, ఆ మాట కోసం చెవులు రిక్కించుకునే ఉండేదాన్ని.

ఒక వానాకాలం చెన్నై నుంచి పవర్ సప్లైల పెట్టె ఒకటి వచ్చింది. గోడలో నుంచి వచ్చే కరెంటును తగ్గించి కంప్యూటరుకు అందించే ఇనపడబ్బా అది. కంప్యూటరు లోపల వెనక మూలన బిగిస్తారు. పెట్టెకు ఇరవై నాలుగు. కొత్త కంపెనీ, ధర తక్కువ. నెలలోపే చాలా వరకు అమ్ముడుపోయాయి. అందులో ఒకటి అమ్మిన రోజు నాకు బాగా గుర్తుంది. సంత రోజు. బావ పుంగనూరుకు రిపేరుకు పోయాడు. అంగట్లో జనం. భుజాన తువ్వాలు వేసుకున్న ఒకాయన, పట్టుగూళ్లు అమ్ముకోడానికి మదనపల్లెకు వచ్చినాయన, గుడ్డసంచిలో నుంచి పాత సప్లై తీసి చూపించాడు.

“దీని మాదిరిదే ఇంకొగటి ఇయ్యమ్మా. మా పాప ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకోని అందరికీ అప్లికేషన్లు కొట్టిస్తాది. ఇది పోయి నాలుగు దినాలుగా ఆగిపోయిండాది.”

“యావూరప్పా?”

“గుడుపల్లె పక్క.”

నేను బిల్లు పుస్తకం తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “బిల్లు వద్దులేమ్మా. ఆ పన్ను తగ్గించి ఇయ్యి.”

“బిల్లు లేకుంటే వారంటీ ఉండదప్పా.”

“వారంటీతో ఏం పని? మంచిదే ఇస్తావులే నువ్వు.”

అంతకు నెల ముందే పన్నుల వాళ్లు వచ్చి అంగడంతా చూసి పోయారు. ఆ రోజు బావ నన్ను పిలిచి, బిల్లు లేకుండా పిన్నీసు కూడా అంగడి దాటకూడదని చెప్పాడు. అది గుర్తుంది. అయినా వెనక అరడజను మంది నిలబడి ఉన్నారు, ఆయన ముఖం మంచిగా ఉంది, పన్ను కూడా పెద్దదేమీ కాదు. ఇచ్చేశాను. డబ్బు గల్లాలోనే వేశాను. పుస్తకంలో మాత్రం రాయలేదు. పేరు అడగలేదు.

మరి కొన్నాళ్లకు పుంగనూరు ప్రెస్సాయన ఒక సప్లైని చేతిలో పట్టుకుని వచ్చాడు. పెళ్లిపత్రికలు అచ్చువేసే మనిషి, మాటకు ముందు నవ్వుతాడు. ఆ రోజు నవ్వలేదు. “సామీ, డబ్బా ముట్టుకుంటే ఎత్తి అవతల పారేసింది నన్ను. భుజం ఇంకా తిమ్మిరి పోలా” అన్నాడు. బావ దాన్ని బల్ల మీద పెట్టి, ప్లగ్గు గుచ్చి, టెస్టరు పెట్టి చూశాడు. టెస్టరులో దీపం ఎర్రగా వెలిగింది. పైన ఉండే ఉత్త ఇనప రేకులో కరెంటు పారుతోంది. సీలు విప్పితే వారంటీ పోతుంది కాబట్టి విప్పలేదు. నేను ఫారం మీద ‘డబ్బాకు షాకు కొడుతోంది’ అని రాసి చెన్నైకి పంపాను. మూడు వారాలకు అది తిరిగి వచ్చింది. మీద చీటీ: లోపం కనిపించలేదు.

బావ ఫోను చేశాడు. అవతల ఎవరో ఇంగ్లీషులో, తమిళంలో, చివరికి నవ్వుతూ కూడా చెప్పారు, మా దగ్గర బాగానే పనిచేస్తోందని. ఫోను పెట్టేసి బావ ఆ చీటీని సప్లై కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: “వాళ్ల బల్లకు ఎర్తు ఉంటాది. లోపల లీకయ్యే కరెంటు ఎర్తులో దిగిపోతాది. వాళ్లకు తెలీదు. మన ఇండ్లల్లో ఎర్తు యాడుండాదమ్మా?” నిజమే. మా పక్క సగం ఇళ్లలో గోడకు రెండు బెజ్జాల ప్లగ్గే. ఎర్తు కోసం ఉండే మూడో పిన్నును కటింగ్ ప్లేయరుతో విరిచేసి గుచ్చుకోవడం అందరికీ అలవాటు. ఎన్నిటికో మా అంగట్లోనే విరిచి ఇచ్చాం.

అది సోమవారం. బావ సీలు చించి సప్లై విప్పాడు. లోపల కెపాసిటరు అనే గోరంత ముక్క ఒకటి ఉబ్బి, పగిలి, దాని తీగ కాలు రేకుకు ఆనుకుని ఉంది. తర్వాత అరలో మిగిలిన ఆరూ తీసి, ఒక్కొక్కటే సీలు చించాడు. నాలుగింటిలో అదే కెపాసిటరు ఉబ్బి ఉంది. సీళ్లన్నీ చించేశాక ఇక కంపెనీ ఒక్కదానికి కూడా బదులియ్యదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. లోపల చూడకపోతే లోపం తెలియదు. చూస్తే వారంటీ ఉండదు. ఆ వ్యాపారం అట్లాంటిది. బావ చేతులు తుడుచుకుని, “పుస్తకం తియ్యి. ఎవురెవురికి ఇచ్చినామో అందురి పేర్లూ రాయి. అన్నీ వెనక్కి తెచ్చేయల్ల” అన్నాడు.

రాశాను. పుంగనూరు ప్రెస్సాయనతో కలిపి పదిహేడు పేర్లు. బావ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

“ఈడ ఆరు, పుస్తకంలో పదిహేడు. ఇరవై మూడాయ. ఇంకొగటి యాడ?”

ఇప్పుడు తలచుకుంటే ఆ క్షణంలో నా మనసులో ఏమి జరిగిందో నాకే సరిగ్గా తెలియదు. ఆలోచించి అబద్ధం ఆడలేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. “పెట్టె వచ్చినప్పుడే ఒకటి తక్కువొచ్చిందేమో బావా.” ఆయన నా ముఖం వైపు చూడలేదు. నా పుస్తకం వైపు చూశాడు, సరే అన్నట్టు తల ఊపాడు. పుస్తకంలో లేనిది లేనట్లే కదా.

ఆ వారం అంగడి తలుపు వేసి ఇద్దరం తిరిగాం. ఎవరిదైనా ఇంట్లో ఆడవాళ్లే ఉంటే నేను ఉండాలని, చీటీల మీద సంతకాలు పెట్టించుకోవాలని నన్ను కూడా రమ్మన్నాడు. మంగళవారం మదనపల్లె, రామసముద్రం. పాడైపోయిన సామాను మార్పించుకోవడానికి జనం అంగడి చుట్టూ తిరగడమే చూశాను గానీ, అంగడివాడు ఇల్లిల్లూ తిరిగి బాగున్నదాన్ని ఇచ్చేయమని బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు, వాళ్లూ చూడలేదు. రామసముద్రంలో ఒక పెద్దావిడ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. “బాగా పనిచేసేదాన్ని పీకేదానికి వచ్చినారా? మా మనవడు రానీ, అప్పుడు సూద్దాం” అని చీపురు పట్టుకుని తలుపుకు అడ్డంగా కూర్చుంది. బావ ఎండలో రెండు గంటలు నిలబడ్డాడు, మనవడు వచ్చేదాకా. ఇంకోచోట, ఇది దొంగ సరుకయి ఉంటుంది, పోలీసులు వెంటపడి ఉంటారు, అందుకే తీసుకుపోతున్నారని మా ఎదురుగానే మాట్లాడుకున్నారు. బావ ఏదీ పట్టించుకోలేదు. ఒక్కొక్క ఇంట్లో పాతది విప్పి, సంచిలో నుంచి వేరే కంపెనీది తీసి బిగించి, టెస్టరు పెట్టి చూసి, ఆ ఇంటివాళ్లకు కూడా చూపించి, తర్వాతే లేచేవాడు.

బుధవారం కుప్పం పోయాం. అక్కడ అయిదు ఉంటే మూడు దొరికాయి. తక్కిన ఇద్దరూ ఊళ్లో లేరు, శుక్రవారం రమ్మన్నారు. తిరుగు బస్సు కోసం కుప్పం బస్టాండులో నిలబడి టీ తాగుతుంటే, ఎదురుగా ఒక బస్సు వచ్చి ఆగింది. బోర్డు మీద గుడుపల్లె. డ్రైవరు దిగి నీళ్లు తాగి, మళ్లీ ఎక్కాడు. గుడ్డసంచి, తువ్వాలు, ‘మంచిదే ఇస్తావులే’ అన్న ముఖం నాకు కళ్లముందు ఆడాయి. బావ నా పక్కనే ఉన్నాడు. చెయ్యి చాపితే తగిలేంత దూరం. ఇంటికి పోయాక చెబుదాంలే అనుకున్నాను. ఆ ఒక్కటి బాగుందేమో అనుకున్నాను. ఆరింటిలో రెండు బాగున్నాయి కదా అని లెక్క కూడా వేసుకున్నాను. బస్సు పోయింది. నేను టీ తాగేశాను.

గురువారం పుంగనూరు, కలికిరి. శుక్రవారం మళ్లీ కుప్పం. మిగిలిన రెండూ దొరికాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీకి తల ఆనించాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన సరిగ్గా తిన్నది లేదు. “అన్నీ వచ్చేసినాయి. దేవుని దయ. ఎవురికీ ఏమీ కాలా” అని కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖం చూశాక ఇక నా వల్ల కాలేదు.

“బావా, ఇంకొకటి ఉంది.”

కళ్లు తెరిచాడు. అంతా చెప్పాను. సంత రోజు, బిల్లు వద్దన్నది, గుడుపల్లె పక్క అన్నది, కూతురు అప్లికేషన్లు కొడుతుందన్నది. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి, నడిచే బస్సులో కడ్డీలు పట్టుకుంటూ డ్రైవరు దగ్గరికి పోయి ఆపించాడు. నడిరోడ్డు మీద దిగాం. ఎదురొచ్చిన బస్సుకు చెయ్యెత్తి ఎక్కి మళ్లీ కుప్పం పోయాం, అక్కడినుంచి గుడుపల్లె బస్సెక్కాం. దారంతా ఆయన చేతిలో టెస్టరు గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

గుడుపల్లెలో జిరాక్సు అంగడాయనను అడిగాం, ఇక్కడ అప్లికేషన్లు కొట్టే ఆడపిల్ల ఎవరని. ఆయన మమ్మల్ని కిందికీ మీదికీ చూసి, “సావుకు వచ్చినారా?” అన్నాడు.

బావ అరుగు పట్టుకున్నాడు. “ఎవురు?” అని అడిగాడు.

“ఆ పాప వాళ్లమ్మ. నిన్న మద్దేనం. ఇల్లు కడిగి, తడిగుడ్డతో కంప్యూటరు తుడస్తా ఉన్యంట. కరెంటు కొట్టి ఆడికాడ్నే పోయింది. పాత ఇల్లు కదప్పా, వైరింగు బాగలేదంటాండారు.”

నిన్న. గురువారం. నేను కుప్పంలో బస్సు చూసిన మరునాడు.

ఆ ఇంటి ముందు చాపల మీద పదిమంది కూర్చుని ఉన్నారు. పొద్దున్నే ఆస్పత్రి నుంచి తెచ్చి మట్టి చేసి వచ్చారు. లైనుమను వచ్చి ఫ్యూజు పీకిపోయాడు. లోపల కిటికీ పక్కన చిన్న టేబులు, దాని మీద కంప్యూటరు, దాని మీద ఎవరో దుప్పటి కప్పారు. కప్పని అంచున, ఆ ఇనప రేకు మీద పాత పసుపు కుంకుమ మరకలు కనిపించాయి. ఆమె ప్రతి గురువారం దాన్ని తుడిచి, శుక్రవారం బొట్టు పెట్టేదట. కూతురికి అన్నం పెట్టే వస్తువని. కూతురు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. ఏడవడం లేదు. కుడిచేతి వేళ్లు మాత్రం ఒళ్లో ఊరికే కదులుతున్నాయి, టైపు కొడుతున్నట్టు.

తువ్వాలు మనిషి మమ్మల్ని చూసి లేచాడు. నన్ను పోల్చుకున్నాడు. మేము పరామర్శకు వచ్చామనే అనుకున్నాడు పాపం, చాప జరిపాడు. బావ కూర్చోలేదు. ఆయన ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. వైరింగు బాగాలేదని ఊరంతా నమ్మింది. ఆ డబ్బా విప్పి సంచిలో వేసుకుని, వేరేది బిగించి వచ్చేస్తే అడిగేవాళ్లు లేరు. బావ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, అందరికీ వినపడేట్టుగానే అన్నాడు:

“అన్నా, తప్పు మీ ఇంటి వైరింగుది కాదు. ఆ సప్లైలో లోపం ఉండాది. అమ్మింది నేను. వెనక్కి తీసుకుందామని వారంగా తిరగతాండాము. మీ పేరు మా పుస్తకంలో లేకపోయ. నిండా ఆలస్యమైపోయినాది.”

చాపల మీద కలకలం రేగింది. ఎవరో లేచి బావ చొక్కా పట్టుకున్నారు. తువ్వాలాయనే అడ్డం వచ్చి ఆ చెయ్యి విడిపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“బిల్లు వద్దన్నింది నేనే గదమ్మా. నువ్వు సెప్తానే ఉంటివి. పన్ను మిగిలించుకుందామని నేనే…” అని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, అక్కడే గడప మీద కూలబడ్డాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. సోమవారం మా బావ అడిగాడని, నేను దాచానని, బుధవారం మీ ఊరి బస్సు చూసి కూడా ఊరుకున్నానని. పేరు పుస్తకంలో లేకపోవడం వల్ల కాదు, నా నోట్లో ఉండిపోవడం వల్ల మీ ఇంటావిడ పోయిందని. నోరు తెరిచాను. బావ ఒకసారి నా వైపు చూశాడు. వద్దన్నాడో, చెప్పమన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. నేను వద్దన్నాడనే అనుకున్నాను, నాకు అదే కావాలి కాబట్టి.

తర్వాత జరిగినవి తొందరగానే చెప్పేస్తాను, చెప్పడానికి బాగుండవు. బావే స్టేషనుకు పోయి ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. సీళ్లు చించారు కాబట్టి ఒక్కదానికీ వారంటీ వర్తించదని రెండు వరసల జవాబు వచ్చింది; చనిపోయిన మనిషి ప్రస్తావన అందులో ఒక్క మాట లేదు. ఆ ఇంటివాళ్ల చేత వినియోగదారుల కోర్టులో కేసు వేయించింది కూడా బావే, తన మీదా కంపెనీ మీదా కలిపి. కొన్నట్టు బిల్లు లేదు కాబట్టి తమకు సంబంధం లేదని కంపెనీ వకీలు వాదించాడు. పాత తేదీతో బిల్లు రాసిస్తానని నేను అన్నాను. బావ ఒప్పుకోలేదు. “అబద్ధం బిల్లుతో నిజం యాడ నిలబడుతుందమ్మా” అన్నాడు. కోర్టులో లేచి, బిల్లు లేకుండా అమ్మింది తనేనని చెప్పాడు. ‘మా అంగడి’ అని కూడా అనలేదు, ‘నేను’ అన్నాడు. ఆ మాటతో కంపెనీ బయటపడింది, బావ ఇరుక్కున్నాడు. ఆ ఇంటికి ఇవ్వమన్నదంతా ఇవ్వడానికి అంగడి పోయింది. బావ ఆ తర్వాత వేరేవాళ్ల అంగట్లో రిపేర్లు చేశాడు. చెవి ఆనించి వినడం, వాసన చూడడం మానేశాడు. టెస్టరు పెట్టేవాడు, విప్పేవాడు, బిగించేవాడు.

ఆ నాలుగు రోజుల మాట ఆయన నాతో ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి అన్నం దగ్గర మా అక్కే ఉండబట్టలేక, “సోమవారం నాడు అడిగినప్పుడే ఈమె సెప్పింటే…” అని మొదలుపెట్టింది. “అన్నం కాడ ఆ మాట యాల?” అన్నాడు బావ. అంతే. ఆ తర్వాత అన్నం కాడే కాదు, ఎక్కడా ఆ మాట రాలేదు. రెండేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆయన నిజాయితీ గురించి చెబుతుంటే అందరూ తలలూపారు. నేను తల ఎత్తలేదు.

ఇన్నేళ్లలో ఎప్పుడూ కదలని కాళ్లు, ఒక ఛార్జరు వాపసు పోయినందుకు ఎందుకు కదిలాయో చెప్పలేను. వెళ్లాను. గుడుపల్లెలో ఆ ఇల్లు ఇప్పుడు మిద్దె. వీధి వైపు గదిలో కూతురు అంగడి పెట్టుకుంది. నాలుగు కంప్యూటర్లు, ముందు జనం. ఆమెకు పెళ్లయింది, బిడ్డ ఉంది. తండ్రి పెరట్లో కూర్చుని పట్టుపురుగులకు ఆకు కోస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. చెబితే గాని నన్ను పోల్చుకోలేదు. బావ పోయాడని చెబితే కత్తి పక్కన పెట్టాడు. “దొడ్డ మనిషి” అన్నాడు. అప్పుడు చెప్పాను. సోమవారం, బుధవారం, బస్సు బోర్డు, టీ. ఏదీ దాచలేదు.

ఆయన ఒక ఆకు తీసి ఈనె వెంట వేలితో చీల్చాడు. కోపం వస్తుందని కాచుకుని ఉన్నాను. అది వచ్చినా మోయగలననుకునే వచ్చాను.

“పన్నెండేండ్లమ్మా” అన్నాడు చివరికి. “బిల్లు తీసుకోనుంటే మీరు ముందే వచ్చిండేవాళ్లని, సిల్లర కక్కుర్తికి దాన్ని నా సేతుల్తో నేనే సంపుకుంటినని, పన్నెండేండ్లుగా అనుకుంటా ఉండాను. నా బిడ్డ మొగంలోకి నిండుగా సూసింది లేదు. ఈ మాట ఆ దినమే సెప్పింటే, సగమన్నా నువ్వు మోసిండేదానివి గదమ్మా.”

క్షమించమని అడగడానికి పోయినదాన్ని, ఆ మాట కూడా అడగలేకపోయాను. ఆయన చేతులకు అంటిన ఆకుపసరు తువ్వాలుతో తుడుచుకున్నాడు.

“లోపల ఉండాది నా బిడ్డ. నాకు సెప్పింది దానికీ సెప్పు. నీ నోటితోనే సెప్పు. నేను సెప్తే నమ్మదు, నన్ను కాపాడుకునేదానికి సెప్తాండానని అనుకుంటాది.”

పోయాను. జనాన్ని కాసేపు బయట ఉండమని చెప్పి, ఆమె నా మాట మొత్తం విన్నది, కళ్లు తెర మీద నుంచి తిప్పకుండా. నేను ముగించాక మౌసు పక్కకు జరిపింది. లేచి, నన్ను దాటుకుని, పెరట్లోకి పోయింది. తలుపు సందులోంచి కనిపించింది: తండ్రి పక్కన నేల మీద కూర్చుని, ఆయన పక్కనున్న కత్తి తీసుకుని, తను ఆకు కోయడం మొదలుపెట్టింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. నన్ను ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. బయట జనం అప్లికేషన్ల కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. నేను వాళ్ల మధ్య నుంచి రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను.

ఆ నాలుగు రోజుల ఆలస్యమే నా తప్పని ఇన్నేళ్లూ లెక్క వేసుకుంటూ వచ్చాను. దాని పక్కనే పన్నెండేళ్లు రోజుకొకటి చొప్పున పెరుగుతూ పోయాయని, వాటిని మోసింది నేను కాదని, నాకు ఆ పెరట్లో నిలబడేదాకా తెలియలేదు.